రన్నర్, ఫీల్డర్ ఢీకొంటే తప్పెవరిది? మేజర్ లీగ్ బేస్‌బాల్ నియమంపై ఒక సందేహం

డాలస్_వీక్షకుడు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి. డాలస్‌లో స్థిరపడిన తరువాత ఇక్కడి జట్టు రేంజర్స్ ఆటలు చూస్తూ బేస్‌బాల్ మీద ఆసక్తి పెంచుకున్నాను. బంతులు, స్ట్రైకులు, డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేయడం) వంటివి ఇప్పుడు బాగానే పట్టుబడ్డాయి కానీ, పరుగెత్తే ఆటగాడు ఫీల్డర్‌కు తగిలినప్పుడు అంపైర్లు ఇచ్చే తీర్పులు మాత్రం నాకు ఎంతకీ అంతుపట్టడం లేదు.

పాత ఆటల వీడియోలు చూస్తున్నప్పుడు రెండు సంఘటనలు నన్ను తికమకపెట్టాయి. మొదటిది 2013 వరల్డ్ సిరీస్ మూడవ ఆటలోనిది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ రన్నర్ అలెన్ క్రెయిగ్ మూడవ బేస్ దగ్గర నేల మీద పడి ఉన్న బోస్టన్ ఆటగాడు విల్ మిడిల్‌బ్రుక్స్ మీద తూలి, లేచి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ వైపు పరుగెత్తాడు. అక్కడ క్యాచర్ అతనికంటే ముందే బంతి అందుకొని ట్యాగ్ చేసినా (బంతితో తాకినా), అంపైర్లు అతన్ని సేఫ్‌గా ప్రకటించారు. ఆ పరుగుతోనే ఆట ముగిసింది. రెండవది 2024 మే 23న షికాగో వైట్ సాక్స్, బాల్టిమోర్ ఓరియోల్స్ మధ్య జరిగిన ఆటలోనిది. అందులో ఆండ్రూ వాన్ తన బేస్ వైపు వెనక్కి నడుస్తుండగా షార్ట్‌స్టాప్ (రెండవ, మూడవ బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) గన్నర్ హెండర్సన్ దారికి అడ్డు వచ్చాడన్నారు. హెండర్సన్ హాయిగా క్యాచ్ పట్టుకున్నాడు. అయినా వాన్ ఔట్ అన్నారు, ఆట అక్కడితో సరి.

ఈ రెండింటిలోనూ ఎవరూ కావాలని చేసినట్టు నాకు కనిపించలేదు. మిడిల్‌బ్రుక్స్ బంతి కోసం దూకి కింద పడ్డాడు, వాన్ పైకి చూడకుండా వెనక్కి వచ్చాడు. మరి ఒకచోట శిక్ష ఫీల్డర్‌కు, మరొకచోట రన్నర్‌కు ఎందుకు పడింది? ఉద్దేశంతో పని లేదా? ఉద్దేశంతో పని లేకపోతే, 2015లో డాడ్జర్స్ రన్నర్ చేజ్ అట్లీ స్లయిడ్ (బేస్ వైపు నేల మీద జారుతూ రావడం) మీద అంత రభస ఎందుకు జరిగింది? హోమ్ ప్లేట్ దగ్గర వేరే నియమం ఉందని కూడా వ్యాఖ్యాతలు అంటుంటారు. విషయం తెలిసినవారు కాస్త విపులంగా వివరిస్తే కృతజ్ఞుడనై ఉంటాను.

---

పాత_స్కోరరు:

మీరు ఎంచుకున్న రెండు ఉదాహరణలూ చక్కగా కుదిరాయి. పైకి ఒకే రకంగా కనిపించినా వాటి మధ్య తేడా అంతా బంతి దగ్గర ఉంది. అది బ్యాట్ నుంచి వచ్చిన బంతా, లేక మరొక ఫీల్డర్ చేతి నుంచి వచ్చిన బంతా అన్నదే అంపైర్ మొట్టమొదట చూసుకునేది.

బ్యాట్ నుంచి వచ్చిన బంతిని ఆపడానికో పట్టుకోవడానికో ఫీల్డర్ కదులుతున్నంతసేపూ దారి అతనిది. రన్నర్ ఎటునుంచి ఎటు పోతున్నా తప్పుకోవలసిన బాధ్యత పూర్తిగా రన్నర్ మీదే ఉంటుంది. తప్పుకోకపోతే అతను ఔట్. కావాలని అడ్డుపడ్డాడా, చూసుకోక అడ్డుపడ్డాడా అన్న విచారణ అక్కడ ఉండదు. దీనినే ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. మామూలుగా రన్నర్ తనను ట్యాగ్ చేయబోతున్న ఫీల్డర్‌ను తప్పించుకోవడానికి తన దారి నుంచి మూడు అడుగులకు మించి పక్కకు పోకూడదు. కానీ బ్యాట్ నుంచి వచ్చిన బంతిని అందుకుంటున్న ఫీల్డర్‌కు దారి ఇవ్వడం కోసమైతే ఎంత దూరమైనా పోవచ్చునని నియమావళి ప్రత్యేకంగా సడలింపు ఇచ్చింది. తప్పుకో అన్నవాడే తప్పుకోవడానికి చోటు కూడా చూపించాడన్నమాట.

విసిరిన బంతి విషయానికి వస్తే లెక్క తిరగబడుతుంది. బంతి చేతిలో లేని ఫీల్డర్, ఆ క్షణాన దాన్ని అందుకునే ప్రయత్నంలో కూడా లేనివాడు, రన్నర్ దారిలో ఉండి అతని పరుగును ఆలస్యం చేస్తే అది ఫీల్డర్ తప్పు. దీని పేరు అబ్‌స్ట్రక్షన్. ఇక్కడ కూడా ఉద్దేశం ప్రసక్తి లేదు.

ఇప్పుడు క్రెయిగ్ ఉదంతం చూడండి. తొమ్మిదవ ఇన్నింగ్స్ చివరి భాగం, స్కోరు 4-4, ఒక ఔట్. మూడవ బేస్‌లో యాడియర్ మొలీనా, రెండవ బేస్‌లో క్రెయిగ్. జాన్ జే కొట్టిన బంతిని డస్టిన్ పెడ్రోయా దూకి ఆపి హోమ్ ప్లేట్‌కు విసిరి మొలీనాను ఔట్ చేయించాడు. అక్కడితో ఆగి ఉంటే బోస్టన్ బతికిపోయేది. క్యాచర్ సాల్టలమాకియా మూడవ బేస్‌కు చేరుతున్న క్రెయిగ్‌ను కూడా పట్టేద్దామని అటు విసిరాడు. బంతి గురి తప్పి మిడిల్‌బ్రుక్స్‌ను దాటి వెనక్కి పోయింది. సరిగ్గా ఆ దాటిపోయిన క్షణం నుంచే మిడిల్‌బ్రుక్స్‌కు ఆ చోటు మీద హక్కు పోయింది. అతను బోర్లా పడి ఉన్నాడు, లేవడానికి వ్యవధి లేదు, ఎక్కడికీ పోలేడు అన్నవన్నీ నిజమే. అయినా నియమావళిలో అబ్‌స్ట్రక్షన్ నిర్వచనం కింద ఉన్న వ్యాఖ్య దాదాపు ఈ దృశ్యాన్నే వర్ణిస్తుంది. బంతి కోసం దూకిన ఫీల్డర్, బంతి తనను దాటిపోయాక కూడా నేల మీదే ఉండి రన్నర్‌ను ఆలస్యం చేస్తే అది అబ్‌స్ట్రక్షన్ అయ్యే అవకాశమే ఎక్కువని అక్కడ రాసి ఉంది. మూడవ బేస్ అంపైర్ జిమ్ జాయిస్ వెంటనే సైగ చేశాడు. అయితే ఆ సమయంలో క్రెయిగ్ మీద నేరుగా ఆట జరగడం లేదు కాబట్టి బంతిని డెడ్‌గా ప్రకటించకుండా ఆట సాగనిచ్చారు. ఆట ఆగిన తరువాత, అడ్డు లేకపోయి ఉంటే రన్నర్ ఎక్కడికి చేరి ఉండేవాడన్నది అంపైర్లు అంచనా వేస్తారు. అంతకుముందు పాదం గాయంతో వారాల తరబడి ఆటకు దూరంగా ఉన్న క్రెయిగ్ కుంటుతూనే పరుగెత్తాడు. అయినా తూలకపోతే సునాయాసంగా చేరేవాడేనని హోమ్ ప్లేట్ అంపైర్ డానా డిమ్యూత్ సేఫ్ ఇచ్చాడు. కార్డినల్స్ 5-4తో గెలిచారు. సిరీస్ మాత్రం చివరికి బోస్టన్‌దే అయింది.

వాన్ ఉదంతంలో బంతి బ్యాట్ నుంచి నేరుగా గాలిలోకి లేచింది. కాబట్టి దారి హెండర్సన్‌ది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై (ఫీల్డర్ సులువుగా పట్టగల ఎత్తు బంతికి, పట్టకముందే బ్యాటర్‌ను ఔట్ ఇవ్వడం) ప్రకటించడంతో బ్యాటర్ ఆండ్రూ బెనింటెండీ ఎలాగూ ఔట్. ఆ సమయంలో రన్నర్ అడ్డుపడితే, బంతి ఫెయిర్ (ఫౌల్ గీతల లోపలిది) అయినపక్షంలో రన్నర్ కూడా ఔట్ అని నియమం స్పష్టంగా చెబుతుంది. అప్పటికే ఒక ఔట్ ఉంది కాబట్టి ఇన్నింగ్స్ ముగించే మూడు ఔట్లూ పూర్తయి, 8-6 దగ్గర ఆట ముగిసింది. హెండర్సన్ క్యాచ్ పట్టాడు కదా, ఇక నష్టమేమిటి అని అడగవచ్చు. అక్కడ చూడవలసింది క్యాచ్ పట్టాడా లేదా అన్నది కాదు, అతని కదలికకు ఆటంకం కలిగిందా లేదా అన్నది. కలిగిందా అన్న విషయంలో మీకూ నాకూ అంపైర్‌తో పేచీ ఉండవచ్చు. నా మట్టుకు నాకు ఆ వీడియోలో కనిపించిన ఆటంకం అతి స్వల్పం.

ఇదే చోట ఉద్దేశం వెనుక ద్వారం నుంచి లోపలికి వస్తుందని కూడా గమనించాలి. వాన్ ఆ సమయంలో రెండవ బేస్ మీద కాలు మోపి నిలబడి ఉండి హెండర్సన్‌కు అడ్డయి ఉంటే, కావాలని చేశాడని అంపైర్ భావిస్తే తప్ప అతను ఔట్ కాడు. బేస్ రన్నర్‌కు కోట వంటిది, ఆ కోట లోపల ఉన్నంతసేపూ అతను కదలవలసిన అవసరం లేదు. కోట దాటి ఒక్క అడుగు బయట ఉన్నా తప్పుకోవలసిందే.

మరొక మినహాయింపు చెప్పి ముగిస్తాను. బంట్ చేసిన (బంతిని బ్యాట్‌తో మెల్లగా తాకించి దగ్గరలోనే పడేసిన) బ్యాటర్ మొదటి బేస్ వైపు బయలుదేరుతూ, అదే బంతి కోసం ముందుకు వస్తున్న క్యాచర్‌ను తగలడం తరచూ జరిగేదే. ఇద్దరూ తమ తమ పనిలోనే ఉన్నారు కాబట్టి సాధారణంగా అక్కడ ఎవరి మీదా తప్పు పెట్టరు. 1975 వరల్డ్ సిరీస్ మూడవ ఆట పదవ ఇన్నింగ్స్‌లో సిన్సినాటికి చెందిన ఎడ్ ఆర్మ్‌బ్రిస్టర్, బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్ ఇలాగే తగులుకున్నారు. ఫిస్క్ విసిరిన బంతి సెంటర్ ఫీల్డ్‌లోకి పోయింది. అంపైర్ లారీ బార్నెట్ ఇంటర్‌ఫియరెన్స్ ఇవ్వలేదు. సిన్సినాటి 6-5తో గెలిచింది. బోస్టన్ పాతతరం అభిమానుల దగ్గర ఆ పేరెత్తితే నేటికీ సంభాషణ సజావుగా సాగదు.

---

క్యాచర్_పక్షం:

పైన స్కోరరు గారు చెప్పినదంతా సరైనదే. హోమ్ ప్లేట్ సంగతి వారు వదిలేశారు కాబట్టి నేను అందుకుంటాను.

బంతి చేతిలో లేకుండా దారికి అడ్డం నిలబడకూడదన్న సూత్రం కాగితం మీద క్యాచర్‌కు కూడా ఎప్పటినుంచో వర్తిస్తుంది. ఆచరణలో మాత్రం దశాబ్దాల పాటు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. క్యాచర్ గోడలా నిలబడేవాడు, రన్నర్ భుజం దించి వచ్చి గుద్దేవాడు, బంతి జారితే సేఫ్, నిలిస్తే ఔట్. అందరూ ఇదే ఆట అనుకున్నారు. 1970 జూలైలో సిన్సినాటిలో జరిగిన ఆల్‌స్టార్ ఆటలో, పన్నెండవ ఇన్నింగ్స్‌లో, పీట్ రోజ్ క్లీవ్‌లాండ్ క్యాచర్ రే ఫోసీని అలాగే గుద్ది గెలుపు పరుగు సాధించాడు. అది లీగ్ పట్టికలో లెక్కకు రాని ప్రదర్శన ఆట. ఫోసీ ఎడమ భుజం దెబ్బతిన్నది, ఆ తరువాత అతని బ్యాటింగ్‌లో మునుపటి బలం కనిపించలేదు.

నియమం మారడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 2011 మే 25న శాన్ ఫ్రాన్సిస్కోలో, అదీ పన్నెండవ ఇన్నింగ్సే, ఫ్లోరిడా మార్లిన్స్ ఆటగాడు స్కాట్ కజిన్స్ మూడవ బేస్ నుంచి పరుగెత్తుకొచ్చి జయంట్స్ క్యాచర్ బస్టర్ పోజీని ఢీకొట్టాడు. ఆ దృశ్యాన్ని నెమ్మదిగా చూస్తే పోజీ పూర్తిగా దారి మూసివేయలేదని, ప్లేట్‌లో కొంత భాగం రన్నర్‌కు కనిపించే విధంగానే ఉన్నాడని, బంతి అతని చేతిలో కుదురుకోలేదని తెలుస్తుంది. ఎడమ కాలు అతని శరీరం కిందనే మడతపడిపోయింది. ఫిబ్యులా ఎముక విరిగింది, చీలమండ లిగమెంట్లు తెగాయి, ఆ ఏడాది ఇక ఆడలేదు. కజిన్స్ చేసింది అప్పటి నియమం ప్రకారం తప్పు కానే కాదు. అభిమానులు అతని మీద ఎంత విరుచుకుపడ్డా, నేరం మనిషిది కాదు, నియమంలోని ఖాళీది. పోజీ 2012లో తిరిగి వచ్చి నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు.

2014 ఫిబ్రవరిలో మేజర్ లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి మొదట ప్రయోగాత్మకంగా కొత్త నియమం తెచ్చాయి. నేటి నియమావళిలో అది 6.01(ఐ). రన్నర్ క్యాచర్‌ను ఢీకొట్టడం కోసం తన నేరు దారి నుంచి పక్కకు తిరగకూడదు, తప్పించుకోగల ఢీని తానై కొనితెచ్చుకోకూడదు. ప్లేట్‌ను తాకే ప్రయత్నమే చేయకపోవడం, భుజం దించడం, చేతులతో మోచేతులతో నెట్టడం అనేవి తప్పుకు ఆనవాళ్లు. ఇక క్యాచర్, చేతిలో బంతి ఉంటే తప్ప రన్నర్ దారిని మూసివేయకూడదు. మూస్తే రన్నర్ సేఫ్. అయితే వస్తున్న బంతి దిశ వల్లనో, అది లేచిన తీరు వల్లనో దాన్ని అందుకోవడానికి క్యాచర్ దారిలోకి జరగవలసి వస్తే అది తప్పు కాదు. రన్నర్ స్లయిడ్ చేసి ఉంటే ఢీ తప్పేదని అంపైర్ భావించినా క్యాచర్‌కు శిక్ష లేదు.

మీరు ఉద్దేశం గురించి అడిగారు కాబట్టి ఒక్క ఉదాహరణ. 2019 జూలై 7న హ్యూస్టన్‌లో జేక్ మారిస్నిక్ ఏంజెల్స్ క్యాచర్ జోనథన్ లుక్‌రాయ్‌ను ఢీకొట్టాడు. లుక్‌రాయ్‌కు ముక్కు విరిగింది, తలకు దెబ్బ తగిలి స్పృహ చెదిరింది. క్యాచర్ బయటివైపు జరుగుతాడనుకొని తాను లోపలివైపు తిరిగానని, చివరి క్షణంలో అంచనా తప్పిందని మారిస్నిక్ చెప్పుకున్నాడు. ఆ మాట నిజమే కావచ్చు, నేను నమ్ముతాను కూడా. కానీ నేరు దారి నుంచి పక్కకు తిరిగింది అతనే. అతన్ని ఔట్ ఇవ్వడమే కాక, లీగ్ తరఫున జో టోరీ రెండు ఆటల నిషేధం విధించాడు. కాబట్టి నియమంలో ఉద్దేశమన్న మాట ఉన్నప్పటికీ, దాన్ని మనసులో వెతకరు, అడుగుజాడల్లో వెతుకుతారు.

---

గట్టిపిడి:

నియమం వచ్చినందువల్ల క్యాచర్లకు మేలు జరిగిందన్న మాటను నేను కాదనడం లేదు. కానీ దాని అమలులో ఉన్న అయోమయాన్ని కూడా చెప్పాలి. 2014 జూలై 31న మయామీలో మార్లిన్స్ 1-0 ఆధిక్యంలో ఉన్నప్పుడు, జియాన్‌కార్లో స్టాంటన్ రైట్ ఫీల్డ్ నుంచి విసిరిన బంతి సిన్సినాటి రన్నర్ జాక్ కోజార్ట్ కంటే ఎంతో ముందుగా క్యాచర్ జెఫ్ మాథిస్ చేతికి చేరింది. కోజార్ట్ ఇంకా దూరంగానే ఉన్నాడు, ఢీ అన్నదే జరగలేదు. అయినా న్యూయార్క్‌లోని రీప్లే కేంద్రం దాదాపు ఆరు నిమిషాలు చూసి, బంతి రాకముందు మాథిస్ పాదం దారిలో ఉందన్న కారణంతో రన్నర్‌ను సేఫ్ చేసింది. ఆ ఆట సిన్సినాటి 3-1తో గెలిచింది. మేనేజర్ మైక్ రెడ్‌మండ్ మైదానంలోకి దూసుకొచ్చి బహిష్కరణకు గురయ్యాడు. ఆయన ఒకప్పుడు క్యాచరే. ఆయన ఆగ్రహంలో నాకు న్యాయం కనిపిస్తుంది.

గాయం నుంచి కాపాడడానికి పుట్టిన నియమం, ఎవరికీ ఎవరూ తగలని చోట పరుగులు పంచిపెట్టడం ఏ విధంగా సబబు? ఆ సెప్టెంబరులో లీగ్ అంపైర్లకు వివరణ పంపింది. క్యాచర్ నిలబడిన తీరు వల్ల రన్నర్‌కు నిజంగా ఆటంకం కలిగిందా అన్నది చూడమని చెప్పింది. అంటే తొలి ఏడాది అమలు అతిగా పోయిందని వారే గుర్తించినట్టు. నేటికీ క్యాచర్ బంతి కోసం జరిగాడా, లేక ముందే వచ్చి నిలబడ్డాడా అన్న గీత అంపైర్‌కు ఒకచోట, రీప్లే గదిలో మరొకచోట కనిపిస్తూనే ఉంది.

---

రెండో_బేస్:

గట్టిపిడి గారి వాదనతో కొంతవరకు ఏకీభవిస్తూనే, ప్రశ్నలో మిగిలిపోయిన అట్లీ విషయానికి వస్తాను.

డబుల్ ప్లేను చెడగొట్టడానికి రన్నర్ ఫీల్డర్ కాళ్ల మీదకు స్లయిడ్ చేయడం కూడా ఒక కళగా చలామణీ అయింది. 1977 అమెరికన్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్‌లో కాన్సాస్ సిటీకి చెందిన హాల్ మెక్‌రే, యాంకీస్ సెకండ్ బేస్‌మన్ విల్లీ రాండాల్ఫ్ మీదకు అడ్డంగా దొర్లి అతన్ని బేస్ అవతలికి తీసుకుపోయాడు. ఆ తరువాత నియమాన్ని బిగించారు, దానికి అతని పేరే పెట్టి పిలుచుకున్నారు. అయినా చేయి చాపితే బేస్ అందేంత దూరంలో ఉంటే చాలు, ఏమైనా చేయవచ్చునన్న అలిఖిత ఒప్పందం మిగిలిపోయింది.

2015 అక్టోబరు 10న డాడ్జర్ స్టేడియంలో ఆ ఒప్పందం బద్దలైంది. డాడ్జర్స్ మీద న్యూయార్క్ మెట్స్ 2-1 ఆధిక్యంలో ఉన్నారు, ఏడవ ఇన్నింగ్స్, మొదటి బేస్‌లో అట్లీ. హోవీ కెండ్రిక్ కొట్టిన బంతిని డానియెల్ మర్ఫీ అందుకొని షార్ట్‌స్టాప్ రూబెన్ తెహాడాకు అందించాడు. తెహాడా రన్నర్‌కు వీపు చూపుతూ గిర్రున తిరుగుతున్నాడు, వెనుక నుంచి ఏం వస్తున్నదో చూసే వీలు లేదు. అట్లీ బేస్‌కు ఎంతో ముందు మొదలుపెట్టవలసిన స్లయిడ్‌ను దాదాపు బేస్ పక్కకు చేరాక మొదలుపెట్టాడు. తెహాడా కుడి ఫిబ్యులా విరిగింది. ఈలోగా మూడవ బేస్ నుంచి పరుగు వచ్చి స్కోరు సమమైంది. పుండు మీద కారం చల్లినట్టు, తెహాడా పాదం బేస్‌ను తాకలేదని రీప్లేలో తేల్చి, అసలు బేస్‌నే తాకకుండా వెళ్లిపోయిన అట్లీని సేఫ్‌గా వెనక్కి పిలిచారు. డాడ్జర్స్ 5-2తో గెలిచారు. రెండు ఆటల నిషేధం విధించారు కానీ, అట్లీ అప్పీలు చేయడంతో 2016 మార్చిలో దాన్ని ఎత్తివేశారు. అప్పటి నియమంలో నిషేధానికి గట్టి ఆధారం లేకపోవడం వల్లనే అలా జరిగిందని నా అభిప్రాయం.

2016 సీజనుకు ముందు 6.01(జె) వచ్చింది. రన్నర్ బేస్ చేరకముందే నేలను తాకి స్లయిడ్ మొదలుపెట్టాలి, చేతితోనో కాలితోనో బేస్ అందుకోగలగాలి, అందుకోవడానికి ప్రయత్నించాలి, స్లయిడ్ అయ్యాక బేస్ మీదే నిలవడానికి ప్రయత్నించాలి, ఫీల్డర్‌ను తగలడం కోసం దారి మార్చకూడదు. ఈ విధంగా స్లయిడ్ చేస్తే ఫీల్డర్‌కు తగిలినా తప్పు లేదు. చేయకుండా ఆటంకం కలిగిస్తే రన్నర్, బ్యాటర్ ఇద్దరూ ఔట్. ఫీల్డర్లకు దక్కిన ఈ రక్షణకు బదులుగా, బేస్ దగ్గరగా ఉంటే చాలు తాకినట్టేనన్న పాత వెసులుబాటును రీప్లే పరిధిలోకి తెచ్చారు. ఆ వెసులుబాటు ఫీల్డర్లు కాళ్లు కాపాడుకోవడానికి పుట్టిందే కాబట్టి, ఇది న్యాయమైన బేరం.

నియమం వచ్చిన మొదటి వారంలోనే దాని పదును తెలిసింది. 2016 ఏప్రిల్ 5న టాంపా బేలో తొమ్మిదవ ఇన్నింగ్స్, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి. టొరంటో రన్నర్ హోసే బటీస్టా రెండవ బేస్‌లోకి స్లయిడ్ చేస్తూ చేయి చాపి లోగన్ ఫోర్సైత్ కాలిని తాకాడు. ఫోర్సైత్ విసిరిన బంతి పక్కకు పోయి టొరంటోకు రెండు పరుగులు వచ్చాయి, వారు ఆధిక్యంలోకి వచ్చామని సంబరపడ్డారు. రీప్లే చూశాక ఇద్దరూ ఔట్, పరుగులు రద్దు, ఆట టాంపాకు 3-2. బటీస్టా ఎవరినీ గాయపరచలేదు, గాయపరచే స్లయిడ్ కూడా కాదు. గట్టిపిడి గారు చెప్పిన మాథిస్ ఉదంతానికి ఇది అద్దం. కానీ నాకు బటీస్టా తీర్పులో తప్పు కనిపించదు, ఎందుకంటే ఆ చేయి బేస్ కోసం పోలేదు.

---

చెపాక్_నుంచి:

క్రికెట్ నుంచి వచ్చినవారికి ఈ తికమక ఎందుకు కలుగుతుందో ఒక మాట. క్రికెట్‌లో 37వ నిబంధన కింద ఫీల్డింగ్‌కు అడ్డుపడినందుకు బ్యాటర్‌ను ఔట్ ఇవ్వాలంటే, ఆ అడ్డు కావాలని చేసినదై ఉండాలి. 2024 మే 12న చెన్నైలో రాజస్థాన్ రాయల్స్ మీద రవీంద్ర జడేజా రెండవ పరుగు నుంచి వెనక్కి తిరుగుతూ సంజూ శాంసన్ విసిరిన బంతికి అడ్డుగా పరుగెత్తినప్పుడు, థర్డ్ అంపైర్ అతను దారి మార్చాడా లేదా అన్నదే చూశాడు. మార్చాడు కాబట్టి ఔట్. సరిగ్గా పదకొండు రోజుల తరువాత షికాగోలో వాన్‌ను ఔట్ ఇచ్చినప్పుడు అటువంటి ప్రశ్న అవసరమే కాలేదు. మన చూపు ముందుగా ఉద్దేశం మీదకు పోతుంది, బేస్‌బాల్ అంపైర్ చూపు ముందుగా బంతి మీదకు పోతుంది.

---

డాలస్_వీక్షకుడు:

అందరికీ ధన్యవాదాలు. బంతి ఎక్కడినుంచి వచ్చిందన్నది చూడాలన్న మాటతో సగం చిక్కు విడిపోయింది. ఒక చిన్న అనుబంధ సందేహం. మా అక్క కొడుకు ఇక్కడ లిటిల్ లీగ్‌లో ఆడుతున్నాడు. బేస్ దగ్గర ఫీల్డర్ చేతిలో బంతితో ఎదురుచూస్తుంటే స్లయిడ్ అయినా చేయాలి, పక్కనుంచి అయినా పోవాలి, గుద్దుకుంటే ఔట్ అని వాడి కోచ్ చెప్పాడట. మేజర్ లీగ్‌లో కూడా రన్నర్ తప్పనిసరిగా స్లయిడ్ చేయవలసిందేనా? అలాగే మొదటి బేస్ దగ్గర కూడా రన్నర్‌కు ఏదో గీత ఉన్నట్టు కనిపిస్తుంది, దానికీ దీనికీ సంబంధం ఉందా?

---

పాత_స్కోరరు:

కోచ్ గారు చెప్పినది లిటిల్ లీగ్ నియమమే, పిల్లలకు అది సరైనదే. చిన్న వయసు విభాగాల్లో ముందుకు పరుగెత్తుతూ తల ముందు పెట్టి స్లయిడ్ చేయడాన్ని కూడా వారు అనుమతించరు. మేజర్ లీగ్‌లో స్లయిడ్ చేయడం తప్పనిసరి అన్న నియమం లేదు. నిలబడే హోమ్ ప్లేట్‌ను దాటవచ్చు, దారి మార్చి గుద్దనంతవరకు ఎవరూ ఏమీ అనరు. కాకపోతే సరైన పద్ధతిలో స్లయిడ్ చేసిన రన్నర్‌ను తప్పుపట్టరని హోమ్ ప్లేట్ నియమం హామీ ఇస్తుంది కాబట్టి, తెలివైనవాడు స్లయిడ్‌నే ఎంచుకుంటాడు. కాళ్లు ముందు పెట్టి వస్తే పిరుదులు, కాళ్లు క్యాచర్‌ను తగలకముందే నేలను తాకాలి. తల ముందు పెట్టి వస్తే శరీరం ముందే నేలను తాకాలి. గాలిలో ఎగిరి వచ్చి మీద పడితే అది స్లయిడ్ కాదు.

మొదటి బేస్ దగ్గర మీరు చూసిన గీత రన్నర్ లేన్. ఫౌల్ గీతకు బయటివైపు మూడు అడుగుల వెడల్పున, తొంభై అడుగుల దారిలో రెండవ సగం పొడవునా ఉంటుంది. హోమ్ ప్లేట్ వైపు నుంచి బంతి విసురుతున్నప్పుడు రన్నర్ ఆ లేన్‌లో ఉండకుండా, మొదటి బేస్ దగ్గర బంతి అందుకునేవాడికి ఆటంకమైతే ఔట్. ఇందులోని తిరకాసు ఏమిటంటే, లేన్ ఫౌల్ గీతకు బయట ఉంటే బేస్ లోపల ఉంది. కుడిచేతి బ్యాటర్ నేరుగా పరుగెత్తితే సహజంగానే గీతకు లోపలివైపే ఉంటాడు. 2019 వరల్డ్ సిరీస్ ఆరవ ఆటలో హ్యూస్టన్‌లో వాషింగ్టన్ ఆటగాడు ట్రే టర్నర్‌ను ఇలాగే ఔట్ ఇచ్చారు. పిచర్ బ్రాడ్ పీకాక్ విసిరిన బంతి, టర్నర్ బేస్‌ను చేరే క్షణంలో అతనికి తగిలింది. అప్పటికి వాషింగ్టన్ కేవలం ఒక్క పరుగు ముందుంది. ఆ తీర్పు మీద వాదించి మేనేజర్ డేవ్ మార్టినెజ్ బహిష్కరణకు గురయ్యాడు. ఆ తీర్పు వచ్చిన ఇన్నింగ్స్‌లోనే ఆంథొనీ రెండన్ హోమ్ రన్ కొట్టడం, వాషింగ్టన్ 7-2తో గెలవడం వల్ల రచ్చ చల్లారింది కానీ, లేకపోతే ఆ తీర్పు క్రెయిగ్ ఉదంతం పక్కనే చేరి ఉండేది.

2023లో బేస్‌ల వైశాల్యం పెంచి, పదిహేను అంగుళాల పలకల స్థానంలో పద్దెనిమిది అంగుళాలవి పెట్టడానికి ఉన్న కారణాలలో మొదటి బేస్ దగ్గర పాదాలు తొక్కుకోవడాన్ని తగ్గించడం ఒకటి. 2024 నుంచి గీతకు లోపలివైపు గడ్డి అంచు వరకు ఉన్న మట్టి పట్టీని కూడా లేన్‌లో కలిపారు. అది చోటును బట్టి పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు అంగుళాలు ఉంటుంది. కాబట్టి ఈనాటి రన్నర్ టర్నర్ పరుగెత్తిన దారిలోనే, ఆ మట్టి మీద నుంచే, నిశ్చింతగా పరుగెత్తవచ్చు. పాదం గడ్డి మీదకు పోతే మాత్రం పాత నియమమే వర్తిస్తుంది.